పుట్టనే పుట్టాం కాబట్టి: బతుకు అర్థం గురించి యూదుల పద్ధతులు

యూదుల ధర్మచర్చల పెద్ద గ్రంథం తాల్ముద్‌లో ఒక పాత తగవు ఉంది. హిల్లేల్ బడివాళ్ళు, షమ్మాయ్ బడివాళ్ళు ఒకే ప్రశ్న పట్టుకుని రెండున్నరేళ్ళు వాదించుకున్నారు: మనిషి పుట్టడం మేలా, పుట్టకపోవడం మేలా? చివరికి ఎవరెటువైపో లెక్క తీస్తే, పుట్టకపోతేనే మేలని తేలింది. ఆ తీర్పుకి ఒక తోక తగిలించి వాదన మూసేశారు: పుట్టనే పుట్టాడు కాబట్టి ఇక తన పనులు తాను వెతికి చూసుకోవాలి.

మనిషిని దేవుడే చేశాడని నమ్మే మతం తన ముఖ్య గ్రంథంలో ఇలాంటి మాట రాసుకుంది, చెరిపేయకుండా ఇప్పటికీ చదివిస్తోంది. అక్కడితో బతుకు అర్థం గురించిన చర్చ దిశే మారిపోయింది. ‘ఎందుకు పుట్టాను’ అన్నది పక్కకి పోయి, ‘ఇవాళ ఏం చేశాను, ఎవరికి బాకీ ఉన్నాను’ అన్నది ముందుకొచ్చింది. యూదుల సూక్తులు నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి. వాటి వెనక ఉన్న రోజువారీ పద్ధతులు, కొలతలు, అవి ఎక్కడ బెడిసికొడతాయన్నది చెప్పేవాళ్ళు తక్కువ. ఈ పోస్టు వాటి గురించే.

లోకం మూడింటి మీద నిలబడిందని పిర్కే అవోత్ అనే పాత సూక్తుల పుస్తకంలో షిమోన్ హత్సద్దీక్ అనే పండితుడి మాట: తోరా (మోషే ధర్మశాస్త్రం), దేవుడి సేవ, దయగల పనులు. 1609లో చనిపోయిన ప్రాగ్ రబ్బీ (యూదు మతగురువు) మహరల్ దీన్ని మూడు సంబంధాలుగా విడదీశాడు. తోరా చదువు మనిషిని తనలో తాను సరిచేస్తుంది, సేవ దేవుడి వైపు, దయ తోటివాళ్ళ వైపు. తాల్ముద్‌లోనే ఇంకోచోట ‘భక్తుడు కావాలంటే ఏం చేయాలి’ అని అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఆశీర్వచనాలు (తినేటప్పుడూ, పనులు చేసేటప్పుడూ దేవుణ్ణి కీర్తించే చిన్న వాక్యాలు) సరిగా చెప్పు అన్నది ఒకటి. పిర్కే అవోత్‌లోని శీలం మాటలు పాటించు అన్నది ఇంకొకటి. అందరికంటే ముందు రవ్ యెహూదా ఇచ్చిన జవాబు: నష్టపరిహారం చట్టాలు పాటించు. అంటే నీ ఎద్దు ఇంకొకడిని పొడవకుండా కట్టేసుకో, నీ గొయ్యి మీద మూత వెయ్యి. భక్తి మొదలయ్యేది అక్కడట!

ఈ మూడు వైపుల్లో ఏ ఒక్కదాన్ని మిగతా రెంటి నుంచి తెంపినా అది పాడవుతుంది. అందుకే ప్రతిదానికీ గీతలు గీసి పెట్టారు. ఆ గీతలే నాకు సూక్తుల కన్నా ఆసక్తిగా ఉంటాయి.

ముందు ‘నేను’ సంగతి. ‘లోకాన్ని నా కోసమే సృష్టించారు అని ప్రతివాడూ అనుకోవాలి’ అన్న మాట ఆత్మవిశ్వాసం ప్రసంగాల్లో తెగ వాడతారు. అది అసలు ఎక్కడిదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తాల్ముద్‌కి ఆధారమైన పాత చట్టాల సంకలనం మిష్నాలో, సన్హెద్రీన్ అనే భాగం నాలుగో అధ్యాయం, మరణశిక్ష పడే కేసులో సాక్షులకు న్యాయమూర్తులు చేసే హెచ్చరిక అది. మనుషులు ఒకే అచ్చుతో నాణేలు కొడితే అన్నీ ఒకేలా ఉంటాయి, దేవుడు అందరినీ ఆదాము అచ్చుతోనే కొట్టినా ఒకడిలా ఇంకొకడు ఉండడు, కాబట్టి ఒక్క ప్రాణం తీస్తే ఒక లోకాన్ని కూల్చినట్టే, నోరు తెరిచే ముందు ఆలోచించుకో, అని. నా విలువ గురించిన మాట పుట్టిందే ఇంకొకరి ప్రాణం నా నాలుక మీద ఉన్న చోట. పోలండ్‌లోని పెషిస్‌ఖా గురువు సిమ్హా బునిమ్ (1765–1827) ఈ వాక్యాన్ని ఒక జేబులో, ఆదికాండంలో అబ్రాహాము అన్న ‘ధూళియు బూడిదెయునైన నేను’ అన్నదాన్ని రెండో జేబులో పెట్టుకోమనేవాడని చెబుతారు. కుంగినప్పుడు మొదటి జేబు, పొంగినప్పుడు రెండోది. చాలామంది తప్పు జేబులో చేయి పెడతారు, అదే తంటా.

జేబు చీటీలతో శీలం మారదని గట్టిగా పట్టుకున్నవాళ్ళు 19వ శతాబ్దపు లిథువేనియాలో ముసార్ అనే శీలం దిద్దుకునే ఉద్యమం నడిపిన రబ్బీలు. వాళ్ళ పెద్ద ఇస్రాయేల్ సలాంతర్ 1883లో చనిపోయాడు. ఆయన చొరవతో మళ్ళీ అచ్చయిన చిన్న పుస్తకం ఒకటి ఉంది: హెష్బోన్ హనెఫెష్ (ఆత్మ లెక్క), మెనాహెమ్ మెండెల్ లెఫిన్ 1808లో వేసినది. పద్ధతిని లెఫిన్ తీసుకున్నది అమెరికా బెంజమిన్ ఫ్రాంక్లిన్ నుంచి. ఫ్రాంక్లిన్ కూడా 13 సుగుణాలు పెట్టుకుని వారానికొకటి చొప్పున గళ్ళ పుస్తకంలో చుక్కలు పెట్టుకునేవాడు. మంచి పద్ధతి కనబడితే తెచ్చుకోవడానికి రబ్బీలు మొహమాటపడలేదు.

లెఫిన్ జాబితాలోని 13 గుణాలు: మనసు నిబ్బరం, ఓర్పు, క్రమం, తేల్చుకోగలగడం, శుభ్రత, వినయం, న్యాయం, పొదుపు, చురుకు, మౌనం, మృదువైన మాట, సత్యం, నిగ్రహం. వారానికి ఒక్కటే గుణం. 13 వారాలకి ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు, మొత్తం 52 వారాలు. ఒక పేజీలో అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా 13 గుణాలు గీసుకోవాలి. పొద్దున ఆ వారపు గుణం గురించిన ఒక చిన్న వాక్యం పైకి చదువుకోవాలి. రాత్రి పడుకునే ముందు ఎన్నిసార్లు తప్పామో అన్ని గుర్తులు పెట్టాలి. మిగతా పన్నెండింటికీ గుర్తులు పడతాయి, కానీ ఆ వారం వాటితో కుస్తీ పట్టకూడదు. మూడు నెలల తర్వాత అదే గుణం తిరిగొచ్చినప్పుడు పాత పేజీ పక్కన పెట్టి చూసుకోవాలి. చుక్కలు సగానికి తగ్గితే చాలా గొప్ప. ఏమీ తగ్గకపోతే ఆ గుణాన్ని తప్పుగా నిర్వచించుకున్నారనే అనుమానించాలి.

ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. ‘ఓర్పుగా ఉండాలి’ అని రాసుకుంటే రాత్రి లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. ‘ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేలోపు నేను మాట్లాడితే ఒక చుక్క’ అని రాసుకుంటే లెక్క ఉంటుంది. రెండో లోపం, వారమంతా వదిలేసి ఆదివారం కూర్చుని గుర్తుచేసుకుని నింపడం. అప్పుడు జ్ఞాపకం వచ్చేది ఇతరుల తప్పులే. మూడోది, సిగ్గేసే గుణంతోనే మొదలుపెట్టడం. లెఫిన్ నిబ్బరాన్ని మొదట పెట్టడం ఊరికే కాదనిపిస్తుంది, చిన్న చికాకులకే మనసు ఎగిరిపడుతుంటే మిగతా పన్నెండు పట్టు దొరకవు. నిష్ఠగా ఉండే యూదులకు ఇంకో చిక్కు కూడా ఉంది: షబ్బాత్ అనే వారపు విశ్రాంతి దినం (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా) రాయడం నిషేధం. కాబట్టి శుక్రవారం గడి సూర్యాస్తమయానికి ముందే, శనివారం గడి రాత్రి చుక్కలు పొడిచాకే నింపాలి.

రమ్బామ్ (1204లో ఈజిప్టులో చనిపోయిన మోషే బెన్ మైమోన్) వైద్యుడు కూడా, ఆయన చికిత్స ఇంకో రకం. గుణాలన్నిటికీ మధ్యదారే మంచిది. కానీ ఒక కొసన చిక్కుకున్నవాడు నేరుగా మధ్యకి రాలేడు, కొంతకాలం రెండో కొసకి పోయి ఉండాలి. పిసినారి కొన్నాళ్ళు దుబారాగా ఇచ్చుకోవాలి, తర్వాత వెనక్కి రావాలి. రెండు గుణాలకు మాత్రం ఆయన మధ్యదారి ఒప్పుకోడు: గర్వం, కోపం. వాటి నుంచి వీలైనంత దూరం పోవాల్సిందే. నొవార్దోక్ ముసార్ బడి పిల్లలు ఈ ‘రెండో కొస’ను మరీ సాగదీశారు. మందుల షాపుకెళ్ళి మేకులు అడిగేవాళ్ళు, జనం నవ్వితే తట్టుకోవడం అలవాటవ్వాలని. అక్కడ నాకు అనుమానం. ఆ షాపువాడి సమయం సంగతేమిటి? నా శిక్షణకి ఇంకొకరిని పనిముట్టుగా వాడుకుంటే, నన్ను దిద్దుకోవడం కాస్తా తోటివాడి ఖాతాలో అప్పుగా పడుతుంది.

ఇచ్చే చేయి గురించి రమ్బామ్ చెప్పిన మాట ఒకటి నేరుగా రెండోవైపుకి దారితీస్తుంది. వెయ్యి నాణేలు ఒకేసారి ఒకడికి ఇచ్చినవాడికీ, వెయ్యి మందికి ఒక్కో నాణెం ఇచ్చినవాడికీ తేడా ఉంది. మొదటివాడిలో ఉదారత ఒక్కసారి లేచి పడుకుంది. రెండోవాడు వెయ్యిసార్లు చేయి చాచాడు, ఆ గుణం వాడిలో స్థిరపడింది. ఏడాదికోసారి పెద్ద చెక్కు రాసే అలవాటుకి ఇది సూటిగా తగులుతుంది.

తోటివాళ్ళ వైపు చట్టం చాలా గట్టిది. త్సెదకా అనే దానం మనసుకి తోచినప్పుడు చేసేది కాదు, కొలత ఉన్న బాధ్యత. మామూలు కొలత ఆదాయంలో పదోవంతు, ఉదారంగా ఇచ్చేవాడికి ఐదోవంతు. అంతకు మించకూడదు! ఊషా పట్టణంలో పండితులు ఈ పైహద్దు పెట్టారు, ఇచ్చినవాడే రేపు అడుక్కునే గతికి రాకూడదని. నెలకి చేతికి 50,000 వస్తే 5,000 మామూలు, 10,000 హద్దు. వ్యాపారంలో ఖర్చులు తీసేశాక మిగిలిన లాభం మీదే లెక్క. ఇవ్వాల్సిన వరస కూడా రాసి ఉంది: సొంత మనుషులు ముందు, తర్వాత సొంత ఊరి బీదలు, ఆ తర్వాత పై ఊరివాళ్ళు. ఈ వరస మనకి స్వార్థంలా కనబడొచ్చు. దూరాన ఉన్నవాళ్ళ మీద ప్రేమ చూపడం తేలిక, మేనత్తకి నెలనెలా మందుల డబ్బు పంపడమే కష్టమని తెలిసినవాళ్ళు రాసిన వరస అది. దానం మీద బతికే బీదవాడు కూడా తనకి వచ్చిందాంట్లోంచి కొంచెం ఇవ్వాలని తాల్ముద్ అంటుంది. పుచ్చుకోవడమే బతుకైనవాడికి ఇవ్వగలిగిన మనిషినన్న గౌరవం దక్కుతుంది.

పుచ్చుకునేవాళ్ళకీ లెక్కలున్నాయి. ఊరి అన్నం పళ్ళెం రోజువారీది, ఊరి డబ్బు పెట్టె వారంవారీది. రెండు పూటల తిండి ఉన్నవాడు పళ్ళెం దగ్గరికి రాకూడదు, పద్నాలుగు పూటలకి ఉన్నవాడు పెట్టె దగ్గరికి రాకూడదు. చందా వసూలుకి ఇద్దరు వెళ్ళాలి, పంచడానికి ముగ్గురు కూర్చోవాలి. ఒక్కడి చేతికి డబ్బు అప్పగించరు.

ఇవ్వడంలో రమ్బామ్ ఎనిమిది మెట్లు పెట్టాడు. అట్టడుగున ముఖం ముడుచుకుని ఇచ్చేవాడు. దానిపైన, ఇవ్వాల్సినదానికంటే తక్కువే ఇచ్చినా నవ్వుతూ ఇచ్చేవాడు. తర్వాత అడిగాక ఇవ్వడం, అడక్కముందే ఇవ్వడం. ఆపైన ఎవరిచ్చారో పుచ్చుకున్నవాడికి తెలిసి, ఎవరికి చేరిందో ఇచ్చినవాడికి తెలియకపోవడం. దానిపైన దానికి తిరగేసి: ఇచ్చినవాడికి తెలుసు, పుచ్చుకున్నవాడికి తెలియదు. ఏడో మెట్టు మీద ఇద్దరికీ తెలియదు. అన్నిటికంటే పైన ఉన్నది మాత్రం రహస్య దానం కాదు. కింద పడబోతున్నవాడికి అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి మళ్ళీ చేయి చాచే అవసరం లేకుండా నిలబెట్టడం. ఎనిమిది మెట్లూ అందరూ గోడమీద రాసుకుంటారు గానీ ఈ పై మెట్టు చాలా సమయం తినేస్తుంది. డబ్బిచ్చి చేయి దులుపుకోవడం కుదరదు, ఆ మనిషి కొట్టు లెక్కలు చూడాలి, నష్టం వస్తే భరించాలి.

క్షమాపణ విషయంలో ఇంకా కటువుగా ఉంటారు. యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం దేవుడికీ మనిషికీ మధ్య పాపాలనే కడుగుతుంది. తోటివాడికి చేసినదాన్ని వాడు శాంతించేదాకా ఆ ఉపవాసం కూడా కడగలేదని మిష్నా తీర్పు. అందుకే ఏడాది చివరి ఎలూల్ నెలంతా, కొత్త సంవత్సరం మొదటి పదిరోజులూ ఇళ్ళకు తిరిగి క్షమాపణ అడిగే కాలం. డబ్బు వ్యవహారమైతే ముందు డబ్బు కట్టాలి, మాట తర్వాత. ఎదుటివాడు ఒప్పుకోకపోతే అతని స్నేహితుల్లో ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. కాదంటే మళ్ళీ, మూడోసారి మళ్ళీ. మూడుసార్లు కూడా కాదన్నవాడిని ఇక వదిలేయొచ్చు, అప్పుడు తప్పు అతని మీదికి మళ్ళుతుంది. గురువుకి ద్రోహం చేసినవాడికి మాత్రం ఈ మినహాయింపు లేదు, వెయ్యిసార్లైనా తిరగాలి. మనిషి చనిపోయి ఉంటే పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్ళి వాళ్ళ ముందు ఒప్పుకోవాలి.

ఇందులో తేలని కేసు ఒకటుంది. నేను ఎవరి గురించో వెనకాల చెడుగా మాట్లాడాను, అతనికి తెలియదు. వెళ్ళి చెప్పి క్షమాపణ అడగాలా? చెడు మాటల చట్టాలన్నీ క్రోడీకరించిన హఫేత్స్ హయీమ్ (1838–1933) అడగాల్సిందే అన్నాడు. అది వింటే అతనికి కొత్తగా నొప్పి కలుగుతుంది, నీ మనశ్శాంతి కోసం అతన్ని బాధపెట్టే హక్కు నీకు లేదని సలాంతర్ అన్నాడని చెబుతారు. నేను సలాంతర్ పక్షం. ‘నిజం చెప్పేశాను’ అన్న తేలిక చాలాసార్లు ఎదుటివాడి ఖర్చుతోనే వస్తుంది.

దేవుడి వైపు యూదులు నడిచే దారి ఎక్కువగా రోజుకి వంద ఆశీర్వచనాల మీదుగా పోతుంది. వంద అంటే అలంకారం కాదు, నిజంగా లెక్కపెడతారు. మామూలు రోజు అమీదా ప్రార్థనలో 19 ఆశీర్వచనాలు, రోజుకి మూడుసార్లు, 57. రొట్టెతో రెండు పూటలు తింటే చేతులు కడిగినందుకు ఒకటి, రొట్టెకి ఒకటి, తిన్నాక నాలుగు, పూటకి ఆరు చొప్పున 12. మిగతావి పొద్దున లేచినప్పటి వరసలోంచి, పళ్ళలోంచి, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక శరీరంలోని ద్వారాలు సరిగా తెరుచుకుని మూసుకుంటున్నందుకు చెప్పేదాంట్లోంచి వస్తాయి. షబ్బాత్ అమీదాలో ఏడే కాబట్టి ఆ రోజు లోటు పడుతుంది. పళ్ళు, సుగంధ ద్రవ్యాలు ముందేసుకుని పూడ్చుకుంటారు.

మన తిండితో చూస్తే ఈ లెక్కలు సరదాగా ఉంటాయి. మామిడిపండుకి చెట్టు పండు ఆశీర్వచనం. అరటిపండుకి మాత్రం నేల పంట ఆశీర్వచనం, ఎందుకంటే గెల కొట్టాక ఆ చెట్టు పోయి దుంప నుంచి కొత్తది లేస్తుంది. అన్నానికి, అది గోధుమ జాతి కాకపోయినా, కడుపు నిలిపే ఆహారాల ఆశీర్వచనమే చెబుతారు. తడబడితే? మామిడికి పొరపాటున నేల పంటది చెబితే చెల్లుతుంది, చెట్టు కూడా నేలలోదే కదా. అరటికి చెట్టుది చెబితే మాత్రం లెక్క ప్రకారం తప్పే. అనుమానం వస్తే ‘సమస్తం ఆయన మాటతో కలిగింది’ అన్న సాధారణ ఆశీర్వచనం దేనికైనా సరిపోతుంది. అవసరం లేకుండా చెబితే దేవుడి పేరు వృథాగా ఎత్తినట్టు. వంద నింపాలని ఊరికే పెంచుకోవడానికి వీల్లేదు.

ఎంత లెక్కగా ఉన్నా, ఎండిపోవడం ఖాయం. ప్రార్థనను స్థిరమైన పనిగా చేసుకున్నవాడి ప్రార్థన వేడుకోలు కాదని మిష్నాలోనే రబ్బీ ఎలీఎజెర్ హెచ్చరించాడు. స్థిరమంటే ఏమిటని తర్వాతివాళ్ళు విడమర్చారు: భారంగా అనిపించేది, వేడుకునే గొంతు లేనిది, రోజూ ఒక్క కొత్త మాట కూడా చేర్చలేనిది. దీనికి మందులు రాసిపెట్టారు. ప్రయాణం నుంచి అలసి వస్తే మనసు కుదుటపడేదాకా ప్రార్థించకూడదంటాడు రమ్బామ్. 19 ఆశీర్వచనాల్లోనూ మనసు నిలవకపోతే కనీసం మొదటిదాంట్లో నిలవాలి, మిగతావాటికి కొంత సడలింపు ఉంది. బ్రెస్లవ్ రబ్బీ నాహ్మన్ (1772–1810) చెప్పింది ఇంకా సూటిగా ఉంటుంది. రోజూ ఒక గంట ఒంటరిగా, వీలైతే రాత్రి ఊరి బయట, సొంత మాతృభాషలో దేవుడితో మాట్లాడు. మాటలు రాకపోతే ఒక్క మాటే పదే పదే అనుకో. అదీ రాకపోతే రావట్లేదన్న సంగతే చెప్పు. హీబ్రూలో అచ్చు ప్రార్థనలు దండిగా ఉన్న మతంలో, ఇంట్లో మాట్లాడే యిద్దిష్‌లోనే గోడు చెప్పుకొమ్మనడం చిన్న తెగింపు కాదు.

షబ్బాత్ గురించి క్లుప్తంగానే చెబుతాను, దాని మీద రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు, శనివారం మూడు నక్షత్రాలు కనిపించేదాకా, సుమారు 25 గంటలు. నిషిద్ధమైన పనులు 39 రకాలు, వాటిలో నిప్పు, రాత, వంట ఉన్నాయి. డబ్బు ముట్టరు. చెడిపోయేది ఎప్పుడూ శుక్రవారం చివరి గంటలోనే, వంట తెమలక, ఇంట్లో అరుపులతో. దీపానికీ ద్రాక్షరసానికీ రెంటికీ డబ్బు లేకపోతే దీపమే ముందని తాల్ముద్ తేల్చింది, కారణం ఇంట్లో శాంతి: చీకట్లో తడుముకుంటూ తింటే కాళ్ళకు తట్టుకుంటారు, గొడవలు వస్తాయి. మన దగ్గర కూడా గుంటూరు పక్కన, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే, తాము యూదులమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిం కుటుంబాలు 1990ల నుంచి సినగాగ్ (ప్రార్థనా మందిరం) పెట్టుకుని షబ్బాత్ పాటిస్తున్నాయి. రోజు కూలి మీద బతికే ఇంట్లో శనివారం వదులుకోవడమంటే ఏమిటో ఆదివారం సెలవున్న ఉద్యోగులకి అంత తేలిగ్గా అర్థం కాదు.

ఇక తాను, తోటివాళ్ళు, దేవుడు అనే ఈ మూడు వైపులూ ఢీకొన్నప్పుడు ఏమవుతుంది? యెరూషలేము తాల్ముద్‌లో ‘భక్తి ముదిరిన మూర్ఖుడు’ అని ఒకడున్నాడు. ఏట్లో పిల్లవాడు మునిగిపోతున్నాడు, వీడు ‘తెఫిలిన్ విప్పి పెట్టాక కాపాడతాను’ అంటాడు. విప్పేలోగా పిల్లవాడు పోయాడు. ప్రార్థన వేళ కట్టుకునే పవిత్రమైన తోలు పెట్టెలవి, వాడు చేసింది భక్తే, కానీ హంతకుడితో సమానం. చట్టం వైపు నుంచి దీనికి జవాబు, ప్రాణాపాయమని అనుమానమున్నా చాలు షబ్బాత్ పక్కకి పోతుంది. ఆ పని చిన్నపిల్లలకో పరాయివాళ్ళకో అప్పగించకూడదట. ఊళ్ళో పెద్ద పండితులే చేయాలి, షబ్బాత్ మీరడం ఇక్కడ తప్పు కాదని అందరికీ కనబడాలని. ఇంత పెద్ద ఆపద లేనప్పుడు గుర్తుపట్టడం కష్టం. సలాంతర్ భోజనానికి ముందు చేతులు కడగడానికి చట్టం కోరే కనీసం నీళ్ళే వాడాడట. ఎక్కువ వాడితే పుణ్యమని ఎవరో అంటే, బావి నుంచి నీళ్ళు మోసేది పనిమనిషి, నా నిష్ఠ ఆమె భుజాల మీద మోయించను అన్నాడని కథ. ఇంట్లో మడికీ ఆచారానికీ ఎవరి నడుము విరుగుతోందో చూసుకునేవాళ్ళకి ఈ కథ వేరే వివరించనక్కర్లేదు.

రెండోవైపు ఢీ కూడా ఉంది. ఎడారిలో ఇద్దరు నడుస్తున్నారు, ఒకడి దగ్గర ఒక్కడికి సరిపడా నీళ్ళు. ఇద్దరూ తాగి ఇద్దరూ పోనీ, ఒకడి చావు ఇంకొకడు చూడకూడదు అన్నాడు బెన్ పెతూరా. నీ ప్రాణమే ముందు, నీళ్ళు ఉన్నవాడు తాగాలి అన్నాడు రబ్బీ అకీవా. తోటివాడిని నీలాగే ప్రేమించడం తోరాలో పెద్ద సూత్రమని చెప్పిన ఆ అకీవాయే. అలాగని నా ప్రాణం కోసం ఇంకొకడిని చంపమంటే కుదరదు, నీ రక్తమే ఎక్కువ ఎరుపని ఎవరన్నారు అని తాల్ముద్ అడ్డుపడుతుంది. ఐదోవంతు దాటి దానం చేయొద్దన్న హద్దుకీ దీనికీ మూలం ఒక్కటే అనిపిస్తుంది. తన్ను తాను కరిగించేసుకోవడాన్ని ఈ సంప్రదాయం ఘనకార్యంగా చూడదు.

మూడువైపులూ ఒకేచోట కలిసే సందర్భం రోగిని చూడటానికి వెళ్ళడం. నియమాలు సన్నగా ఉంటాయి. దగ్గరి చుట్టాలు వెంటనే వెళ్ళొచ్చు, మిగతావాళ్ళు మూడు రోజులాగి వెళ్ళాలి. పగటి మొదటి మూడు గంటల్లో వెళ్ళకూడదు, అప్పుడు రోగి కాస్త తేరుకున్నట్టు కనబడతాడు, చూసినవాడు ప్రార్థించడం మానేస్తాడు. చివరి మూడు గంటల్లోనూ వద్దు, అప్పుడు మరీ నీరసంగా కనబడి చూసినవాడు ఆశ వదిలేసుకుంటాడు. కడుపు జబ్బుతో ఇబ్బంది పడేవాడి దగ్గరికి, మాట్లాడితే తలనొప్పి పెరిగేవాడి దగ్గరికి లోపలికి వెళ్ళకూడదు. బయట నుంచి ఇంట్లోవాళ్ళని అవసరాలు అడిగి కనుక్కోవాలి. చూసొచ్చి ప్రార్థించనివాడు పని పూర్తిచేసినట్టు కాదు, పక్కనే ఉన్న పని చేయనివాడు కూడా అంతే. జబ్బుపడ్డ శిష్యుడిని చూడటానికి అకీవా వెళితే గది ఊడ్చి నీళ్ళు చల్లారు, ఆ శిష్యుడు ‘నన్ను బతికించావు’ అన్నాడు.

చెప్పకూడనివి కూడా ఉన్నాయి. నీ పాపాల వల్లే వచ్చింది, దీంట్లో ఏదో దైవోద్దేశం ఉంది, అని బైబిల్లో కష్టాల్లో పడ్డ యోబుతో అతని స్నేహితులు మాట్లాడినట్టు మాట్లాడటం మాటలతో చేసే హింసల జాబితాలో చేరుతుంది. ఇతరుల బాధకి అర్థం అంటగట్టడం నిషేధమే. తన బాధకి తాను అర్థం వెతుక్కోవడం తప్పనిసరి కూడా కాదు. రబ్బీ హియ్యా జబ్బుపడ్డాడు, రబ్బీ యోహానాన్ వెళ్ళి ‘ఈ బాధలు నీకు ఇష్టమేనా’ అని అడిగాడు. ‘బాధలూ వద్దు, వాటికొచ్చే ప్రతిఫలమూ వద్దు’ అన్నాడు హియ్యా. చేయి ఇవ్వమని యోహానాన్ లేపి నిలబెట్టాడు. తర్వాత యోహానానే మంచం పట్టాడు. హనీనా వచ్చి అదే ప్రశ్న అడిగి, అదే జవాబు విని, అలాగే చేయి పట్టి లేపాడు. యోహానాన్ తనను తానే లేపుకోవచ్చు కదా అని తాల్ముద్ అడుగుతుంది. ఖైదీ తన ఖైదు నుంచి తానే బయటపడలేడు అన్నది అక్కడి సమాధానం.

దూరాన ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే చాలా? 20వ శతాబ్దంలో న్యూయార్క్ రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ దీనికి తీర్పు రాశాడు. వెళ్ళడానికి వీల్లేనివాడికి ఫోన్‌తో కొంత భాగం నెరవేరుతుంది. వెళ్ళగలిగినవాడు వెళ్ళాల్సిందే, రోగిని కళ్ళతో చూస్తే గానీ గది ఊడ్చి ఉందో లేదో తెలియదు.